పెంగ్విన్ పిల్లలు ఈకలు మార్చుకునేటప్పుడు ఫొటోలు: వెలుతురు, దూరం, టైమింగ్ సలహాలు కావాలి

కర్నూలు కుర్రోడు (ప్రస్తుతం కేప్‌టౌన్)

అందరికీ నమస్తే. ఆఫీసు పని మీద కేప్‌టౌన్‌లో ఉన్నాను, జనవరి ఆఖరు దాకా ఇక్కడే. కారులో గంట దూరంలో సైమన్స్ టౌన్ అని చిన్న ఊరుంది. అక్కడి బౌల్డర్స్ బీచ్‌లో ఆఫ్రికన్ పెంగ్విన్లు కాపురముంటాయి. మంచూ లేదు, గడ్డా లేదు. ఇసుక, పెద్ద పెద్ద గుండ్రాళ్లు, పొదలు, పక్కనే జనం ఇళ్లు.

మన గ్రూపులో పక్షుల ఫొటోలు తీసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. పిల్ల పెంగ్విన్ పాత ఈకలు వదిలేసి పెద్దవాటి నలుపు తెలుపులోకి వచ్చేదాకా వరసగా ఓ సిరీస్ చేద్దామని ఉంది. కెమెరా క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) రకం, లెన్స్ 100-400 జూమ్. ఎండలో తెల్ల ఛాతీ పూర్తిగా బర్న్ అయిపోతోంది. దాన్ని కాపాడితే నల్ల వీపు మసిముద్ద అవుతోంది. నూగు పిల్లలనైతే చెప్పక్కర్లేదు, పోగులే కనబడట్లేదు, బురద మచ్చలా వస్తోంది. ఇంకోటి, ఎంత దగ్గరికి పోవచ్చు? టూరిస్టులు చెయ్యి చాపితే అందేంత దగ్గర సెల్ఫీలు దిగుతున్నారు.

జత: మూడు ఫొటోలు. మూడోదాంట్లో పిల్ల తల మీద మాత్రం నూగు మిగిలింది, ఒళ్లంతా కొత్త ఈకలు. ఇది పెద్దదైపోతున్నట్టే కదా?

ఆదోని స్టూడియో

తమ్ముడూ, ఇది పెంగ్విన్ సమస్య కాదు, పెళ్లి సమస్య. నల్ల సూటు పెళ్లికొడుకు, తెల్ల పట్టుచీర పెళ్లికూతురు మిట్టమధ్యాహ్నం మండపం బయట నిలబడితే మేము పడే తిప్పలే ఇవి. తెలుపుని కాపాడు, నలుపుని తర్వాత లేపుకోవచ్చు. పోయిన తెలుపు మాత్రం ఎవడొచ్చినా రాదు. రా ఫైల్‌లోనే (కెమెరా ఏమీ మార్చకుండా దాచే అసలు ఫైల్) తియ్యి.

నల్ల బండ ముందున్న పక్షికి కెమెరా మోసపోయి వెలుతురు ఎక్కువ ఇస్తుంది, అక్కడ ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) మైనస్ 0.7, ఒక్కోసారి మైనస్ 1 పెట్టాలి. అదే తెల్ల ఇసుక మీదైతే కెమెరా తనంతట తానే తగ్గించేస్తుంది, అక్కడా మైనస్ పెట్టావంటే పని చెడుతుంది. అందుకే నేనైతే మాన్యువల్‌లో పెట్టి, ఛాతీ తెలుపుకి ఓసారి లెక్క కుదుర్చుకుని, ఎండ మారేదాకా డయల్ ముట్టుకోను.

పెన్నా గట్టు (కడప)

మూడో ఫొటో గురించి. అది పెద్దదవడం కాదు నాయనా. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి ఇక్కడ కాస్త ఆగి చెబుతాను, నీ సిరీస్ మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.

ఆఫ్రికన్ పెంగ్విన్ పిల్ల గుడ్డులోంచి నూగుతో వస్తుంది. ఆ నూగు నీళ్లను ఆపలేదు. అందుకే అది పోయి సరైన ఈకలు వచ్చేదాకా పిల్ల సముద్రంలోకి దిగదు. నీ మూడో ఫొటోలో జరుగుతున్నది అదే. కానీ నూగు కింద నుంచి వచ్చేది నలుపు తెలుపు కాదు. వీపు నీలం కలిసిన బూడిద రంగు, పొట్ట తెలుపు. ఛాతీ మీద నల్లపట్టీ ఉండదు, మొహం మీద తెల్ల వంపు ఉండదు. ఈ వేషంలో అది సముద్రానికి వెళ్లిపోతుంది. నెలల తరబడి అక్కడే తిరిగి, ఏడాది దాటాక, రెండేళ్లు నిండేలోపు ఎప్పుడో ఒడ్డుకొచ్చి ఆ బూడిద ఈకలన్నీ ఒక్కసారిగా రాల్చేస్తుంది. అప్పుడు గానీ పెద్దవాటి రూపం రాదు. కొన్ని మాత్రం తల వరకు ముందే మార్చుకుంటాయి, తల పెద్దదానిదీ ఒళ్లు పిల్లదీ అన్నట్టు కనబడతాయి.

అంటే నువ్వు వెతకాల్సింది నూగు పిల్లను కాదు. బూడిద రంగు వెలిసి గోధుమ రంగుకి తిరిగి, ఉబ్బిపోయి, దిగాలుగా ఒకచోట నిలబడ్డ కుర్రపక్షిని. ఒకే పిల్లని మొదటి నుంచి చివరిదాకా తీయాలంటే జనవరి ఆఖరు సరిపోదు. రెండు దశలూ వేరు వేరు పక్షుల మీద తీసి, ఆ సంగతి కింద రాసుకో.

కర్నూలు కుర్రోడు

సార్, ఉబ్బిపోయి అంటే? అలాంటిది ఒకటి మొన్న పొద కింద కనబడింది. జబ్బేమో అనుకుని తీయలేదు.

పెన్నా గట్టు (కడప)

జబ్బు కాదు. కొత్త ఈక కింద నుంచి పెరుగుతూ పాత ఈకను బయటికి నెడుతుంది. కొన్నాళ్లు రెండూ ఒంటి మీదే ఉంటాయి, అందుకే ఆ ఉబ్బు. మన పావురాలు ఒకటీ అరా ఈకలు విడతలుగా రాలుస్తాయి, ఎగరడం ఆగకూడదు కదా. పెంగ్విన్‌కి ఎగిరే పని లేదు గానీ, ఒంటికి నీళ్లు తగలకుండా ఉండాలి. సగం సగం మార్చుకుంటే నెలల తరబడి చలికి తడవాలి. అందుకని మూడు వారాల పాటు సముద్రం మానేసి అంతా ఒక్కసారే కానిచ్చేస్తుంది.

సీమ డాక్టరమ్మ (అనంతపురం)

సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను, పశువుల డాక్టరుగా. సముద్రం మానేసిందంటే తిండి మానేసినట్టే. చేపలు ఒడ్డుకు రావు. ఆ మూడు వారాలూ పూర్తి ఉపవాసం. ఈకలు మొత్తం కొత్తగా తయారు కావాలంటే బోలెడు ప్రోటీన్ కావాలి, అదంతా ముందే తిని పెట్టుకున్న కొవ్వు నుంచీ కండ నుంచీ రావాలి. ఒంటి బరువులో సగానికి దగ్గరగా కరిగిపోతుంది. మామూలు రోజుల్లోనే దాని బరువు రెండు మూడు కిలోలు.

కాబట్టి "ఎంత దగ్గరికి పోవచ్చు" అన్న ప్రశ్నకి నా జవాబు: అది తల తిప్పి నిన్ను చూడటం మొదలుపెట్టిందా, ఆ అడుగు వెనక్కి తీసెయ్. అంటార్కిటికా వెళ్లే టూరిస్టు ఓడలవాళ్లకైతే కనీసం 5 మీటర్ల దూరం అని నియమం ఉంది. ఈకలు మార్చుకునే పక్షికి అది కూడా తక్కువే అని నా అభిప్రాయం. 400 లెన్స్ ఉన్నవాడికి తొందరేముంది?

ఫాస్ట్ ఫోకస్ (నంద్యాల)

అక్కా, మరీ అంతొద్దు. అది కదలకుండా కూర్చుంటే ఫొటోలో ఏముంటుంది? కొంచెం అదిలిస్తే లేచి ఒళ్లు విదిలిస్తుంది, ఈకలు గాల్లోకి లేస్తాయి, ఆ ఒక్క షాట్ చాలు. లేదా ఓ చేప ముక్క విసిరితే సరి. మన కొంగలకి అందరూ చేసేదే.

సీమ డాక్టరమ్మ (అనంతపురం)

అందరూ ఎవరు? పేర్లు అక్కర్లేదు గానీ ఆ పని ఇక్కడ చేసినా తప్పే. ఉపవాసంలో ఉన్నదాన్ని పది అడుగులు ఉరికిస్తే దానికి మళ్లీ పూడ్చుకునే దారి లేదు. భయపడి నీళ్లలో దూకిందనుకో, ఒంటి మీద నీళ్లాగవు, చలికి బిగుసుకుపోతుంది. ఒళ్లు విదిలించుకోవడం అది ఎలాగూ చేస్తూనే ఉంటుంది, ముక్కుతో ఈకలు పీక్కుంటుంది కూడా. నీకు ఓపిక ఉంటే చాలు.

గ్రూపు పెద్ద (నిర్వాహకులు)

పక్షిని అదిలించి, మేత వేసి తీసిన ఫొటోలు ఇక్కడ పెట్టకూడదని నియమాల్లోనే ఉంది. ఫాస్ట్ ఫోకస్ గారూ, ఆ సలహా ఇంతటితో ఆపండి. చర్చ ఫొటోల మీదికి రానివ్వండి.

డర్బన్ ధర్మవరం

నేను దక్షిణాఫ్రికాలోనే ఉంటున్నా కాబట్టి స్థలం గురించి చెబుతా. కుర్రోడూ, ముందు సూర్యుడి సంగతి బుర్రలో తిప్పి పెట్టుకో. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు. మనూళ్లో అలవాటైన లెక్కతో నీడ ఎటు పడుతుందో ఊహిస్తే తలకిందులవుతుంది.

సైమన్స్ టౌన్ అఖాతానికి పడమటి ఒడ్డున ఉంది, వెనక కొండ. అందుకని ఉదయం ఎండ సముద్రం మీద నుంచి నేరుగా బీచ్‌కి కొడుతుంది. సాయంత్రం మాత్రం కొండ అడ్డొచ్చి తొందరగా నీడ పడిపోతుంది. అందరూ సాయంత్రం బంగారు ఎండ కోసం వచ్చి ఉసూరుమంటారు. నాకైతే ఆ నీడే ఇష్టం. నలుపూ తెలుపూ రెండూ దారికొస్తాయి, ఇంకా ఆకాశం వెలుతురు మిగిలి ఉంటుంది. మబ్బు పట్టిన రోజు దొరికితే ఆఫీసుకి సెలవు పెట్టేయ్.

వేసవిలో ఆగ్నేయం నుంచి గాలి ఉధృతంగా కొడుతుంది. ఇసుక లేపుతుంది, ఉప్పు తుంపర లెన్స్ మీద పొరకడుతుంది. లెన్స్ బీచ్‌లో మార్చకు. గుడ్డతో తుడిచే ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదెయ్, లేకపోతే గాజు మీద గీతలు ఖాయం.

చెక్క బాట మీద నుంచి తీస్తే పైనుంచి చూసినట్టు వస్తుంది, అది చాలామంది ఫొటోల్లో చప్పదనానికి అసలు కారణం. స్క్రీన్ మడతతీసి, కెమెరాని బాట అంచు దాకా దించి తియ్యి, పక్షి కళ్ల ఎత్తుకి దగ్గరగా వస్తావు. రెండు బీచ్‌ల మధ్య పొదల్లోంచి పోయే నడకదారి పక్కన కూడా ఈకలు రాల్చే పక్షులు దొరుకుతాయి. అక్కడ జనం తక్కువ, నీడ ఎక్కువ.

అనంత ఫ్రేమ్స్ (హిందూపురం)

నేను పెంగ్విన్ని చూసింది లేదు. మా దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, ఏటా వాటి పిల్లలతోనే నా పని. నూగు తీసే పద్ధతి ఏ పక్షికైనా ఒకటే.

నూగు ముందువైపు వెలుతురులో కనబడదు. వెనక నుంచో, పక్కవాటు నుంచో వెలుతురు రావాలి. అప్పుడు ప్రతి పోగూ అంచున వెలుగుతుంది. ఉదయం ఎండ సముద్రం నుంచి వస్తుందని ధర్మవరం అన్న చెప్పాడుగా, అయితే పక్షి వెనక సముద్రం ఉండేలా నిలబడు. మొహం చీకటి పడుతుంది, ప్లస్ 0.7 దాకా ఇవ్వు, ఇసుక నుంచి తిరిగొచ్చే వెలుతురు పొట్టని కాపాడుతుంది. ఇక్కడ మాత్రం ఆదోని అన్న మైనస్ లెక్క పనికిరాదు.

ఫోకస్ కన్ను మీద. నల్ల తలలో నల్ల కన్ను కాబట్టి కంటిలో వెలుగు చుక్క లేకపోతే బొమ్మ చచ్చిపోతుంది. ఆ చుక్క పడేదాకా ఆగు. దగ్గరి పక్షికి అపర్చర్ (లెన్స్ లోపలి కన్నం) ఎఫ్ 8 పెట్టు, ఎఫ్ 5.6లో కన్ను షార్ప్‌గా వచ్చి భుజం మీద ఊడుతున్న ఈకలు మసకవుతాయి, నీకు కావాల్సినవి ఆ ఈకలే. విదిలించుకునేటప్పుడు షట్టర్ వేగం సెకనులో 1/1600 అయినా ఉండాలి. కావాలనే 1/60కి దించి కూడా కొన్ని తియ్యి. తల కదలకుండా ఒళ్లు మాత్రం మసకగా తిరిగితే దాని అందం వేరు. పది పోతాయి, ఒకటి నిలుస్తుంది.

ఇంకో మాట. మా కొంగపిల్లలు పెద్దవాటి రంగులోకి రావడానికి దాదాపు మూడేళ్లు పడుతుంది, ఈలోగా ఊరొదిలి ఎటో వెళ్లిపోతాయి. నీ కుర్రపక్షి మూడు వారాలు ఒకేచోట నిలబడి నీ కళ్లముందే మారుతుంది. ఇంత సదుపాయం ఏ పక్షి ఇస్తుందప్పా!

ఆదోని స్టూడియో

వెనక వెలుతురైతే ప్లస్సే, ఒప్పుకుంటా. నేను చెప్పింది పక్షి మీద ముందు నుంచి నేరుగా పడే ఎండ సంగతి.

గుంతకల్ జంక్షన్

కేప్‌టౌన్ పోలేనివాళ్ల గురించి కూడా ఎవరైనా చెప్పండి సామీ. బొంబాయి బైకుల్లా జూలో పెంగ్విన్లు ఉన్నాయిగా. మా పిల్లలు ఒకటే గోల. అక్కడ ఈ ఈకల వ్యవహారం దొరుకుతుందా?

పెన్నా గట్టు (కడప)

దొరుకుతుంది. అవి హంబోల్ట్ పెంగ్విన్లు, దక్షిణ అమెరికా పడమటి తీరానివి, ఆఫ్రికన్ పెంగ్విన్‌కి దగ్గరి చుట్టాలు. 2016లో దక్షిణ కొరియా నుంచి తెచ్చారు, 2017 మార్చి నుంచి జనానికి చూపిస్తున్నారు. తర్వాత అక్కడే పిల్లలు కూడా పుట్టాయి. వీటిలోనూ కుర్రపక్షి తల బూడిద రంగులో ఉంటుంది, ఛాతీ పట్టీ ఉండదు, మొదటిసారి పూర్తిగా ఈకలు మార్చుకున్నాకే ఆ పట్టీ వస్తుంది. పెద్దవి కూడా ఏటా మార్చుకుంటాయి. జూలో మేత దొరుకుతుంది కాబట్టి ఒడ్డున పడే కష్టం ఉండదు, అయినా ఆ రోజుల్లో తిండి మీద ధ్యాస తగ్గుతుంది.

అనంత ఫ్రేమ్స్ (హిందూపురం)

గుంతకల్ అన్నా, మీకు ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ గుమ్మం ముందు ఆగుతుంది, ఇంకేం కావాలి. జూలో అద్దం వెనక నుంచి తీయాలి. లెన్స్ హుడ్‌ని (లెన్స్ ముందు తగిలించే గొట్టం) అద్దానికి ఆనించి తియ్యండి, రబ్బరు హుడ్ అయితే మరీ మంచిది. ఏటవాలుగా పెడితే ప్రతిబింబం, మసక రెండూ వస్తాయి. నల్ల చొక్కా వేసుకోండి, తెల్ల చొక్కా అద్దంలో పడుతుంది. పోలరైజర్ (ప్రతిబింబాలు తగ్గించే ఫిల్టర్) పెట్టారంటే కొన్ని అద్దాల్లో ఇంద్రధనుస్సు చారలు కనబడతాయి, తీసెయ్యండి. ఫ్లాష్ అసలే వద్దు. లోపల వెలుతురు తక్కువ, ఐఎస్‌ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన) 3200 అంటే భయపడకండి.

గుంతకల్ జంక్షన్

గోధుమ రంగు బొచ్చుకోటు వేసుకున్న లావుపాటి పెంగ్విన్ వీడియో వాట్సాప్‌లో తిరిగింది కదా, వాళ్లమ్మానాన్నల కన్నా పెద్దది. అది బైకుల్లాలో ఉంటుందా?

పెన్నా గట్టు (కడప)

అది కింగ్ పెంగ్విన్ పిల్ల, పేరు పెస్టో, మెల్‌బోర్న్ అక్వేరియంలో 2024 జనవరిలో పుట్టింది. తొమ్మిది నెలలకే 22 కిలోలు దాటింది. నూగు రాలడం మొదలయ్యాక సన్నబడింది. కింగ్ పెంగ్విన్ పిల్లల గోధుమ నూగు ఎంత వేరుగా ఉంటుందంటే, వెనకటి నావికులు వాటిని ఇంకో జాతి పెంగ్విన్లనుకున్నారు. బైకుల్లాలో అవి లేవు.

ఫాస్ట్ ఫోకస్ (నంద్యాల)

సరే, అదిలించడం గురించి మళ్లీ మాట్లాడను. ఇంకో అనుమానం. ఆ ఊడిపోయే కుచ్చులు, ఒంటికి అంటుకున్న రెట్ట, ఇసుక, ఇవన్నీ ఎడిటింగ్‌లో తుడిచేస్తే తప్పేముంది? ఇప్పుడు ఏఐతో ఒక్క క్లిక్కు పని. పోటీలకి పంపేటప్పుడు నీట్‌గా ఉండాలి కదా.

ఆదోని స్టూడియో

పెళ్లి ఆల్బమ్‌లో మొటిమ తీసేస్తాం, డబ్బులిచ్చేది వాళ్లు కాబట్టి. ఇక్కడ మొటిమే కదయ్యా సబ్జెక్టు! కుచ్చులు తీసేస్తే మిగిలేది మామూలు పెంగ్విన్, అది ఏ క్యాలెండర్‌లోనైనా ఉంది. పైగా ప్రకృతి ఫొటోల పోటీల్లో ఇలా చెరిపినవీ చేర్చినవీ తీసుకోరు, అసలు రా ఫైల్ అడుగుతారు.

అనంత ఫ్రేమ్స్ (హిందూపురం)

నా మాట కూడా అదే. ఎక్స్‌పోజర్, కలర్, క్రాప్, లెన్స్ మీది దుమ్ము మచ్చ, అంతవరకే. పక్షి ఒంటి మీద చెయ్యి వెయ్యొద్దు, ఫొటోలో కూడా. వెనక టూరిస్టు కాలు వచ్చిందంటే కాస్త పక్కకి జరిగి తీయాల్సింది.

కర్నూలు కుర్రోడు

అందరికీ థాంక్స్. మబ్బు పట్టిన రోజు కోసం చూసి వెళ్లాను, నడకదారి పక్కనే కుర్రపక్షి దొరికింది. సార్ చెప్పినట్టే వీపు వెలిసిన గోధుమ రంగు, మెడ కింద పాత ఈకలు రేకులుగా లేచి, వాటి కింద నుంచి నల్లటి పట్టీ తొంగిచూస్తోంది. చుట్టూ నేల మీద ఈకల కుప్ప. నేను కూర్చున్నంతసేపూ అది నిద్రపోవడం, లేచి ముక్కుతో వీపు గోక్కోవడం, మళ్లీ నిద్రపోవడం. ఒక్కసారి మాత్రం తల పైకెత్తి గాడిదలా అరిచింది, పక్కనున్న పిల్లాడు భయపడి అమ్మని పట్టుకున్నాడు. ఐదు ఫొటోలు జత చేశాను. నాలుగోది ఎఫ్ 8, 1/1600, ఐఎస్‌ఓ 1250, మైనస్ 0.3.

ఇక ఇదే పక్షిని చివరిదాకా వెంటాడదామని. మళ్లీ వెళ్లినప్పుడు అదేనని గుర్తుపట్టడం ఎలా సార్?

పెన్నా గట్టు (కడప)

నాలుగో ఫొటో చాలా బాగుంది. పాఠంలో చూపించదగ్గది.

గుర్తుపట్టడానికి: ఈకలు మార్చుకునే పక్షి దాదాపు అదే చోట ఉంటుంది, అది మొదటి ఆధారం. రెండోది ఛాతీ మచ్చలు. ఆఫ్రికన్ పెంగ్విన్ ఛాతీ మీద చిన్న చిన్న నల్ల మచ్చలుంటాయి, ఏ రెండింటికీ ఒకేలా ఉండవు, ఏటా ఈకలు మార్చుకున్నా అవే మచ్చలు తిరిగి వస్తాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ మచ్చలను కెమెరాతో చదివి పక్షిని గుర్తుపట్టే పద్ధతి కూడా తయారుచేశారు. నీ కుర్రదానికి పాత ఈకలు రాలేకొద్దీ అవి బయటపడతాయి. కాబట్టి ప్రతిసారీ ఎదురుగా, ఛాతీ నిటారుగా కనబడేలా ఒక ఫొటో తప్పకుండా తీసుకో. కళాత్మకంగా లేకపోయినా ఫర్వాలేదు. ముక్కు మీద గీతలు, కాలి గోళ్లు కూడా చూసి పెట్టుకో.

సీమ డాక్టరమ్మ (అనంతపురం)

నాకు రెండో ఫొటో నచ్చింది, పక్షి నిన్ను పట్టించుకోలేదని అందులో తెలుస్తోంది.

కుర్రోడూ, ఇంకో సంగతి గమనించు. ఏడాది చివర్లో పెద్ద పక్షులు ఈకలు మార్చుకునే టైము దగ్గరపడుతుంది. గూట్లో పిల్ల ఇంకా ఎదగకపోయినా ఆ టైము ఆగదు. తల్లిదండ్రులు సముద్రానికి పోలేవు, మేత తేలేవు, పిల్లలు ఆకలితో మిగిలిపోతాయి. అక్కడ శాంకాబ్ అనే సంస్థ అలాంటి పిల్లల్ని తీసుకొచ్చి చేతులతో పెంచి మళ్లీ వదులుతుంది, 1968 నుంచి సముద్ర పక్షుల కోసం పనిచేస్తోంది. డొక్కలు ఎండిపోయి ఒంటరిగా ఉన్న నూగు పిల్ల కనబడితే ఫొటో తర్వాత, ముందు అక్కడి రేంజర్‌కి చెప్పు. నువ్వు ఎత్తుకోవద్దు, కరిస్తే రక్తం కళ్లచూస్తావు.

డర్బన్ ధర్మవరం

డాక్టరమ్మ గారు చెప్పింది అక్షరాలా నిజం. బౌల్డర్స్‌లో పెంగ్విన్లు మొదట్నుంచీ లేవు, 1982లో రెండు జంటలు వచ్చి స్థిరపడ్డాయి. అక్కడ గుంపు కట్టడం చూసి బాగా పెరుగుతున్నాయనుకుంటారు గానీ మొత్తం జాతి సంగతి వేరు. పోయిన శతాబ్దం మొదట్లో పది లక్షల జంటలకు పైగా ఉండేవి, ఇప్పుడు పది వేల జంటలు కూడా లేవు. వెనకట గూళ్లు తవ్వుకునే రెట్ట పొరల్నే ఎరువు కోసం గీకి అమ్మేశారు, గుడ్లు ఏరుకు తిన్నారు. ఇప్పుడేమో సార్డీన్, యాంకవీ చేపలు తగ్గిపోయాయి, ఉన్నవాటికి వలలతో పోటీ. 2024లో ఈ జాతిని అత్యంత ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి చేర్చారు. 2025 మార్చిలో కోర్టు ఆదేశంతో ఆరు కాలనీల చుట్టూ కొన్ని రకాల చేపలవేటను పదేళ్లపాటు ఆపారు. ఈకలు రాల్చేముందు కడుపునిండా తినడం మీదే దాని బతుకు ఆధారపడి ఉంది కదా, ఆ లెక్కన చేపల సంగతి నీ ఫొటోలకీ సంబంధించిందే. కింద రెండు ముక్కలు రాసి పెట్టు.

కర్నూలు కుర్రోడు

రాస్తానన్నా. ప్రతి ఫొటో కింద దశ ఏంటో, ఎంత దూరం నుంచి తీశానో కూడా పెడతా. నూగు పిల్లలవి ఒక వరస, కుర్రపక్షివి ఇంకో వరస, రెండూ కలపను. వచ్చే శనివారం గాలి ఎక్కువని చూపిస్తోంది, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తీసుకెళ్లనా, చేత్తోనేనా?

అనంత ఫ్రేమ్స్ (హిందూపురం)

ఆ గాలికి మోనోపాడ్ ఊగుతుంది. బాట మీద కూర్చుని మోచేతులు మోకాళ్ల మీద ఆనించు, లేదా బియ్యం పోసిన చిన్న గుడ్డ సంచి చెక్క మీద పెట్టి దాని మీద లెన్స్ ఆనించు. హుడ్ మాత్రం తీయకు, తుంపర ఆపుతుంది.

గుంతకల్ జంక్షన్

మాకు రిజర్వేషన్ అయిపోయింది! బుధవారం పొద్దున దిగుతాం, నేరుగా జూకే.

పెన్నా గట్టు (కడప)

బుధవారం ఆ జూకి సెలవు. గురువారం పెట్టుకోండి.